ఠాణా గడప దగ్గర తొలి పది నిమిషాలు

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "ఏనాడూ పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన కుటుంబం కాదండీ" అని గొప్పగా చెప్పుకునే నేల మనది. అలాంటి చోట ఒక మనిషి ఆ మెట్లెక్కాడంటే వెనక చాలా జరిగి ఉంటుంది. ఇంట్లో రాత్రంతా తర్జనభర్జన పడి ఉంటారు. ఊళ్లో పెద్దమనిషిని అడిగి ఉంటారు. తెలిసిన కానిస్టేబుల్ ఎవరైనా ఉన్నాడా అని వాకబు చేసి, తోడుకు మేనమామనో పక్కింటాయననో వెంటబెట్టుకుని బయల్దేరి ఉంటారు. గేటు దగ్గర సెంట్రీని దాటి లోపలికి అడుగుపెట్టాక వారికి మొదట కనిపించేది ఒక బల్ల, దాని వెనక ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఇరవై మూడేళ్ల కానిస్టేబుల్. ఆ అబ్బాయో అమ్మాయో తలెత్తి చూసే చూపు, అడిగే తొలి మాట ఎలా ఉండాలో నేర్పడం గురించే ఈ ఉపన్యాసం.

రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి స్మృతిలో ఈ విషయం మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 1869లో పుట్టిన ఆయన ఇరవై ఏళ్లు నిండకముందే అమీనుగా, అంటే ఇప్పటి సబ్‌ఇన్‌స్పెక్టర్ వంటి హోదాలో, నిజాం రాజ్య పోలీసు కొలువులో చేరారు. 1920 నుంచి 1934 వరకు హైదరాబాద్ నగర కొత్వాలుగా, అంటే నగర పోలీసు అధిపతిగా, పనిచేశారు. ఆ పదవికి రెండేళ్ల ముందే, 1918లో, పల్లెల నుంచి చదువు కోసం నగరానికి వచ్చే పిల్లల కోసం రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకున్నారు. సురవరం ప్రతాపరెడ్డి అంతటివారు ఆయన జీవితచరిత్ర రాశారు. హిమాయత్‌సాగర్ దగ్గరున్న తెలంగాణ పోలీస్ అకాడమీ ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. పట్నంలో ఎవరూ తెలియని పల్లెటూరి కుర్రవాడికి ఒక తలుపైనా తెరిచి ఉండాలని తపించిన మనిషి ఆయన. ఆయన పేరు మోసే అకాడమీలో చదివిన పిల్లలు రేపు కూచోబోయే బల్ల దగ్గర కూడా ఆ తలుపు తెరిచే ఉండాలని కోరడం న్యాయమే.

అకాడమీలో చేరిన ఈ పిల్లల్ని క్యాడెట్లు అంటారు. క్యాడెట్ అనగానే చాలామందికి ఎన్‌సీసీ గుర్తొస్తుంది. బడిపిల్లల కోసం స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం కూడా ఉంది. అది 2010లో కేరళలో మొదలై 2018లో దేశమంతటికీ వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఈ మాట ఏకంగా ఉద్యోగం పేరులోనే ఉంది. నియామక మండలి ప్రకటనల్లో రాసేది 'స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీ పోలీస్ కానిస్టేబుల్' అని. కోచింగ్ సెంటర్లలో పిల్లలు దాన్ని 'ఎస్‌సీటీ పీసీ' అంటారు. ఇంటర్మీడియట్ పాసై, పద్దెనిమిదేళ్లు నిండితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో 6,100 పోస్టులకు ప్రకటన వస్తే తుది రాత పరీక్ష 2025 జూన్‌లో జరిగింది. ఆ రెండున్నరేళ్లూ పిల్లలు తెల్లవారుజామున జూనియర్ కాలేజీ మైదానాల్లో 1600 మీటర్ల పరుగు సాధన చేశారు. అద్దె గదుల్లో అర్థమెటిక్ లెక్కలు, జనరల్ స్టడీస్ బట్టీ కొట్టారు. ఏడుస్తూ వచ్చిన మనిషితో ఎలా మాట్లాడతావని ఆ పరీక్షల్లో ఎవరూ అడగరు. అడగాల్సిన చోటు ఆ తర్వాత వచ్చే తొమ్మిది నెలల శిక్షణే.

ఆ తొమ్మిది నెలల్లో ఇన్‌డోర్, అవుట్‌డోర్ అని రెండు భాగాలు. పొద్దున్నే పరేడ్, ఆయుధాలు, లాఠీ, గుంపుల అదుపు, ఆ తర్వాత తరగతి గదిలో చట్టాలు. ఇవన్నీ కావాల్సినవే. పరేడ్ మైదానంలో 'పీఛే ముడ్' సరిగ్గా రాకపోతే డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ ఊరుకోడు. కాలు దానంతటది తిరిగేదాకా చేయిస్తాడు. ఫిర్యాదుదారును కూచోబెట్టి వినడం కూడా అలా ఒంటబట్టించాల్సిన విద్యే. దాన్ని 'ప్రజలతో మర్యాదగా మెలగాలి' అనే ఒక్క ఉపన్యాసంతో సరిపెడితే, స్టేషన్‌కు వెళ్లిన నెల రోజులకే అక్కడి గాలి దాన్ని చెరిపేస్తుంది.

స్టేషన్ గాలి అంటే ఏమిటో ఈ నాలుగు మాటలు విన్నవాళ్లకు తెలుసు. "ఎస్సైగారు బందోబస్తుకు పోయారు." "రైటర్ లేడు, రేపు రండి." "కాగితం మీద రాసుకుని తీసుకురా." "ఇది మా లిమిట్స్‌లోకి రాదు." నాలుగూ చూడటానికి చిన్న మాటలే. నాలుగింటికీ చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది.

మొదటిదే చూడండి. స్టేషన్ హౌస్ ఆఫీసర్ (ఎస్‌హెచ్‌ఓ) స్టేషన్‌లో లేకపోతే, ఉన్నవారిలో ఆయన తర్వాతి హోదా అధికారి, కానిస్టేబుల్ కంటే పై హోదా ఉంటే చాలు, స్టేషన్ బాధ్యుడవుతాడని చట్టమే చెబుతోంది. అంటే హెడ్ కానిస్టేబుల్ ఉన్నా కేసు నమోదు చేయవచ్చు. బల్ల దగ్గర కూచున్న కొత్త కానిస్టేబుల్‌కు ఆ అధికారం లేదు. అతడికి ఉన్న పని, ఎవరికి అధికారం ఉందో వారి దగ్గరికి ఆ మనిషిని చేర్చడం. ఈ తేడా తెలియని పిల్లవాడు రెండు రకాలుగా తప్పు చేస్తాడు. తనే తీర్పరి అనుకుని "ఇదేం కేసు" అని తేల్చేస్తాడు, లేకపోతే తన చేతిలో ఏమీ లేదనుకుని పంపించేస్తాడు. శిక్షణలో ముందు పడాల్సిన గీత ఇదే.

కాగితం సంగతి మరీ సూటిగా ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసే రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 154వ సెక్షన్ ఇదే చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఇదే చెబుతోంది. కొత్త చట్టం ఇంకో రెండు కలిపింది. ఫిర్యాదు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు, మూడు రోజుల్లో వచ్చి సంతకం చేయాలి. నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. జనం నోట్లో నలిగిన జీరో ఎఫ్‌ఐఆర్ ఇదే. నేరం విచారణార్హమైనదైతే ఎఫ్‌ఐఆర్ రాయడం తప్పనిసరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో మైనర్ కూతురు కనిపించడం లేదని తండ్రి వెళ్లి చెబితే పోలీసులు పట్టించుకోకపోవడంతో మొదలైన కేసు అది. ఒక తండ్రి మాట బల్ల దగ్గర ఆగిపోయింది. దాన్ని కదిలించడానికి అయిదుగురు న్యాయమూర్తులు కూచోవాల్సి వచ్చింది.

లిమిట్స్ మాట దగ్గర హైదరాబాద్ తలవంచుకున్న రాత్రి ఒకటుంది. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. వెతుక్కుంటూ వచ్చిన కుటుంబానికి పరిధి ప్రశ్నలు ఎదురయ్యాయి. కేసు నమోదులో జాప్యం చేసినందుకు ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సైబరాబాద్ కమిషనరేట్ సస్పెండ్ చేసింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ జీరో ఎఫ్‌ఐఆర్ మీద గట్టి ఆదేశాలు వచ్చాయి. ఆ యువతికి పెట్టిన పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో తొలి దిశ పోలీస్ స్టేషన్ తెరిచారు. సర్క్యులర్లు అందరికీ అందాయి. కాని సర్క్యులర్ ఫైల్లో ఉంటుంది. రాత్రి పదకొండున్నరకు బల్ల దగ్గర ఉండేది నిన్నమొన్న పాసింగ్ అవుట్ పరేడ్ చేసి వచ్చిన పిల్లవాడు. అతడి నాలుక మీద ఏ మాట ముందు వస్తుందన్నదే అప్పటి ప్రశ్న.

ఆ మాట ఎలా ఒంటబడుతుందో ఒక అభ్యాసం ఊహించుకుని దగ్గరగా చూద్దాం. అకాడమీ తరగతి గదిలోనే ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక నీళ్ల సీసా, ఒక రిజిస్టరు పెట్టారు. ఊరి నుంచి వచ్చిన అవ్వ వేషం ఒక క్యాడెట్‌ది. రిసెప్షన్‌లో కూచున్నది మరొకరు. మిగిలినవాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు.

"బిడ్డా, నా పుస్తెలతాడు గుంజుకపోయిండ్రు."

"కూసో అవ్వా. నీళ్లు తాగు. ఏడ జరిగింది?"

అవ్వ పొద్దుటి నుంచి మొదలుపెడుతుంది. చెల్లె ఫోన్ చేసింది, మనవరాలికి జ్వరమట, తొమ్మిదింటి బస్సెక్కింది, కండక్టర్ చిల్లర ఇవ్వలేదు, స్టేజీ కాడ దిగి కిరాణం దుకాణం ముందు నిలబడితే బండి మీద ఇద్దరు పిల్లగాళ్లు వచ్చి బ్యాంకు ఏడుందని అడిగిండ్రు. కొత్త క్యాడెట్ ఇక్కడే తడబడతాడు. "అదంతా వద్దు, అసలు సంగతి చెప్పు" అనేస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ అక్కడ ఆపాలి. అతడు వద్దన్న దాంట్లో ఏముందో ఒక్కొక్కటే బోర్డు మీద రాయించాలి. బస్సు వచ్చిన వేళ ఉంది, కిరాణం దుకాణం ఉంది, దాని ముందు కెమెరా ఉండవచ్చు, బ్యాంకు ఎక్కడని అడిగారంటే అవ్వ ముఖం వాళ్లు చూశారు, వాళ్ల ముఖం అవ్వ చూసింది. పల్లె మనిషి కథ చెప్పే వరస వేరు. దాన్ని మధ్యలో తెంపితే తెగిపోయేది దర్యాప్తు కొసే.

అవ్వ మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉంది. క్యాడెట్ దాన్ని గమనించాడా? మహిళా కానిస్టేబుల్‌ను పిలిచి, "అవ్వా, దెబ్బేమన్న తాకిందా" అని అడిగించాడా? కొంగు తీస్తే మెడ మీద ఎర్రగా గీసుకుపోయిన చార ఉంది. భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద కొత్తగా వేరే నేరంగా పెట్టారు. దానికి మూడేళ్ల దాకా జైలు. దొంగతనం కోసం మనిషిని గాయపరిస్తే అది 309వ సెక్షన్ కింద దోపిడీ అవుతుంది, యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. ఏ సెక్షన్ పెట్టాలో తేల్చేది పైవాళ్లు. మెడ మీది చారను మొదట చూడాల్సింది మాత్రం బల్ల దగ్గరి పిల్లవాడే. చూస్తే అవ్వ ముందు ఆసుపత్రికి వెళుతుంది, గాయానికి డాక్టరు కాగితం ఉంటుంది. చూడకపోతే నాలుగు రోజుల్లో చార మాయమవుతుంది.

ఇక రాసింది చదివి వినిపించే ఘట్టం. క్యాడెట్ 'బంగారు గొలుసు' అని రాశాడు. వినగానే అవ్వ అంటుంది: "గొలుసు గాదు బిడ్డా, పుస్తెలతాడు. రెండు పుస్తెలు, నాలుగు గుండ్లు, నడుమ ఒక పగడం." రేపు ఎక్కడో తాకట్టు దుకాణంలో సొమ్ము దొరికితే, అది ఈమెదేనని చెప్పడానికి కాగితం మీద పగడం ఉండాలి. చదివి వినిపించాలని చట్టం ఎందుకన్నదో ఆ ఒక్క పగడంతో పిల్లలకు జన్మలో మరిచిపోకుండా అర్థమవుతుంది. ఈ అభ్యాసం ఒకసారి చేసి వదిలేస్తే లాభం లేదు. ఆదిలాబాద్ క్యాడెట్‌కు శ్రీకాకుళం యాస, కర్నూలు క్యాడెట్‌కు ఉర్దూ కలిసిన పాతబస్తీ తెలుగు, ఏజెన్సీ ఊళ్లో పనిచేయబోయేవాళ్లకు నాలుగు గోండి మాటలు, తండాల వైపు వెళ్లేవాళ్లకు నాలుగు లంబాడీ మాటలు చెవిన పడాలి.

పోయిన ఫోన్ల సంగతికి ఇంత అభ్యాసం అక్కర్లేదు, రోజూ వచ్చే పని కాబట్టి త్వరగానే అలవడుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో, మేలో దేశమంతటా సీఈఐఆర్ పోర్టల్ వాడకంలోకి వచ్చింది. ఫోన్ డబ్బా మీదో కొన్న బిల్లు మీదో ఉండే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు పోర్టల్‌లో ఎక్కిస్తే ఆ ఫోన్‌ను పనిచేయకుండా ఆపేయవచ్చు. బ్యాంకు ఖాతాలో డబ్బు పోయిందని వచ్చినవాళ్ల విషయం వేరు. అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. పేరు, ఊరు, తండ్రి పేరు అని రిజిస్టరు నింపుకుంటూ కూచుంటే డబ్బు ఇంకో మూడు ఖాతాలు దాటిపోతుంది. ముందు ఆయన ఫోన్‌తోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించి, ఆ తర్వాత రిజిస్టరు తెరవాలి.

పిల్లలు, ఆడవాళ్లు వచ్చినప్పుడు చేయకూడనివి తెలియడమే ముఖ్యం. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలో చెప్పింది. "ఎక్కడో స్నేహితుల ఇంటికి పోయి ఉంటాడు, సాయంత్రం దాకా చూడండి" అనే ఓదార్పు మాట మంచి మనసుతో అన్నా ఆ తీర్పుకు విరుద్ధమే. పోక్సో చట్టం ప్రకారం లైంగిక దాడికి గురైన బిడ్డ వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. స్త్రీల మీద జరిగిన కొన్ని నేరాల్లో ఫిర్యాదు తీసుకోకపోవడమే నేరం, ఆరు నెలలకు తగ్గకుండా కఠిన జైలు శిక్ష ఉంది. ఇరవై మూడేళ్ల కానిస్టేబుల్‌కు ఇది బెదిరింపుగా చెప్పడం కంటే రక్షణగా చెప్పడం మేలు. "తీసుకోకు, పంపించెయ్" అని పైనుంచి ఎవరైనా అంటే, "సార్, ఇందులో మనకే శిక్ష ఉంది" అని చెప్పగల ధైర్యం ఆ సెక్షనే ఇస్తుంది.

అమెరికాలో బోస్టన్ పోలీసు శాఖ ఈ శిక్షణను మరో వైపు నుంచి మొదలుపెడుతుంది. పద్దెనిమిదేళ్లు దాటిన యువతను క్యాడెట్లుగా తీసుకుని స్టేషన్ రిసెప్షన్ బల్ల దగ్గర, ట్రాఫిక్ పనుల్లో పెడతారు. మన దగ్గర పరేడ్ ముందు, బల్ల తర్వాత. అక్కడ బల్ల ముందు. ఆ నగరంలో స్టేషన్‌కు ఎలాంటివాళ్లు వస్తారో, ఏ భయంతో వస్తారో చూశాకే తుపాకీ చేతికొస్తుంది. దాన్ని యథాతథంగా తెచ్చుకోవాలని కాదు. తొమ్మిది నెలల శిక్షణలో కనీసం కొన్ని వారాలు క్యాడెట్‌ను ఒక రద్దీ స్టేషన్‌లో, ఫిర్యాదులు రాసే అనుభవమున్న రైటర్ పక్కన ఊరికే కూచోబెట్టడం మాత్రం రేపే చేయగల పని. మంచి రైటర్ ఒక మనిషిని ఎలా శాంతపరుస్తాడో, ఎక్కడ పెన్ను ఆపి తలెత్తి చూస్తాడో పుస్తకంలో దొరకదు.

ఇక్కడ చాలా స్టేషన్లలో కనిపించే ఒక అలవాటు గురించి సూటిగా చెప్పాలి. రిసెప్షన్ అంటే కొత్తగా వచ్చిన మహిళా కానిస్టేబుల్‌కు అప్పగించే పని అయిపోయింది. ఆడపిల్ల ఉంటే ఆడవాళ్లకు ధైర్యమన్నది నిజమే. నిర్భయ నిధితో దేశమంతటా వచ్చిన మహిళా హెల్ప్ డెస్కుల ఉద్దేశమూ అదే. కాని ఆమెను పొద్దుట నుంచి రాత్రి దాకా అదే కుర్చీలో ఉంచి, దర్యాప్తు పని నేర్పకుండా, మగపిల్లలను ఆ బల్ల దగ్గరికే రానివ్వకుండా చేయడం ఇద్దరికీ అన్యాయం. వినడం మగ కానిస్టేబుల్‌కూ రావాలి. నేరస్థలానికి వెళ్లడం ఆమెకూ రావాలి. వంతులవారీగా వేయండి. నాలుగైదు గంటలు వరసగా పరాయివాళ్ల కష్టాలు విన్న మనిషికి అయిదో గంటలో చిరాకు రావడం సహజం. దాన్ని క్రమశిక్షణ లోపంగా చూడకుండా డ్యూటీ చార్టులోనే సరిచేయవచ్చు.

తెలంగాణ ఏర్పడ్డాక స్టేషన్ల నెలవారీ ఖర్చులకు ప్రభుత్వం హైదరాబాద్‌లో 75 వేలు, జిల్లా కేంద్రాల్లో 50 వేలు, గ్రామీణ స్టేషన్లకు 25 వేల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. తెల్లకాగితం కూడా ఫిర్యాదుదారే తెచ్చుకునే అవస్థ పోవాలంటే అలాంటి డబ్బు కావాలి. అది వచ్చింది, బల్లలొచ్చాయి, గ్లాసు తలుపులొచ్చాయి. ఆ బల్ల వెనక కూచునే మనిషి తయారీకి కూడా అంతే పట్టుదల చూపాలి. అందులో ఎస్‌హెచ్‌ఓలకూ భాగం ఉండాలి. క్యాడెట్ ఎంత బాగా నేర్చుకుని వచ్చినా, "ఎవడు రాయమన్నాడు నిన్ను" అని ఎస్సై ఒక్కసారి గద్దిస్తే ఆ చదువంతా ఆ పూటతో సరి. కొత్త బ్యాచ్ చేరే ముందు ఆ జిల్లా ఎస్సైలను ఒక రోజు పిలిచి, పిల్లలు ఏం నేర్చుకుని వస్తున్నారో చూపించాలి.

అకాడమీ పెద్దలకు ఒక్క విన్నపం. పాసింగ్ అవుట్‌కు ముందు ఫైరింగ్‌కు, డ్రిల్‌కు మార్కులున్నట్టే రిసెప్షన్ బల్లకూ మార్కులు పెట్టండి. పరీక్షకుడిగా బయటి మనిషిని పిలవండి: ఒక రిటైర్డ్ టీచరమ్మను, ఒక ఆర్టీసీ కండక్టర్‌ను, ఒక ఆశా కార్యకర్తను. తమ కష్టం చెప్పుకోమనండి. క్యాడెట్ రాసింది వాళ్లకే చదివి వినిపించమనండి. అందులో ఫెయిలైన క్యాడెట్‌ను మళ్లీ కూచోబెట్టండి.

ఇది చదివే మామూలు పాఠకులు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏ స్టేషన్‌కు వెళ్లినా మీరు నోటితో చెబితే చాలు, వాళ్లే రాసుకోవాలి, మీకు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు మీ చేతికి రావాలి, దానికి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి, రశీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారి అదే చట్టంలో ఉంది.